విదేశంలో బ్రాంచి ఆఫీసు: తెరిచే ముందు తేల్చుకోవలసిన లెక్కలు

2008 అక్టోబరులో ఐస్‌లాండ్ బ్యాంకులు వరసగా కూలినప్పుడు బ్రిటన్ డిపాజిటర్లు రెండు రకాలుగా విడిపోయారు. ల్యాండ్స్‌బాంకి అనే బ్యాంకు 'ఐస్‌సేవ్' పేరుతో అక్కడ డిపాజిట్లు తీసుకున్నది తన బ్రాంచి ద్వారా. కౌప్‌థింగ్ అనే మరో బ్యాంకు అదే వ్యాపారం చేసింది బ్రిటన్‌లో రిజిస్టరైన అనుబంధ కంపెనీ ద్వారా. డబ్బు దాచుకునే మనిషికి రెండూ ఒకేలా కనిపించేవి. కూలాక దారులు వేరయ్యాయి. అనుబంధ కంపెనీలో ఉన్న సొమ్ము బ్రిటన్ డిపాజిట్ బీమా కిందికి వచ్చింది. బ్రాంచిలో ఉన్న సొమ్ముకు మొదటి పూచీ ఐస్‌లాండ్ బీమా నిధిది, ఆ నిధి దగ్గర అంత డబ్బు లేదు. బ్రిటన్, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు తమ డిపాజిటర్లకు చెల్లించి, ఆ బాకీ ఐస్‌లాండ్‌ను అడిగాయి. 2010లోనూ 2011లోనూ జరిగిన రెఫరెండంలలో ఐస్‌లాండ్ ఓటర్లు ఒప్పందాలను తిరస్కరించారు. చివరికి 2013 జనవరిలో ఎఫ్టా (యూరప్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం) కోర్టు ఐస్‌లాండ్ పక్షాన తీర్పు చెప్పింది.

మామూలు వ్యాపార కంపెనీకి ఇంత పెద్ద తగాదా రాకపోవచ్చు. కానీ దానికి మూలమైన సూత్రం అందరికీ ఒకటే: చట్టం దృష్టిలో బ్రాంచికి వేరే ఉనికి లేదు. అక్కడ రాసుకున్న లీజు మాతృసంస్థ లీజే. అక్కడ మిగిలిన అప్పు మాతృసంస్థ అప్పే. బ్రాంచి మీద కేసు వేస్తే కంపెనీ మీద వేసినట్టే. రిజిస్ట్రారు మొదలు బ్యాంకు దాకా అడిగే కాగితాలన్నీ మాతృసంస్థవే ఎందుకు కావాలో, చిన్న ఆఫీసుకు ఇంత తతంగం ఎందుకో దీంతోనే అర్థమవుతుంది.

బ్రాంచా, మరొకటా

బ్రాంచికి ఒకవైపు రిప్రజెంటేటివ్ ఆఫీసు ఉంటుంది, మరోవైపు అనుబంధ కంపెనీ. రిప్రజెంటేటివ్ ఆఫీసు మార్కెట్‌ను పరిశీలించవచ్చు, కస్టమర్లతో మాట్లాడవచ్చు, ప్రచారం చేయవచ్చు. బిల్లు వేయకూడదు. చైనాలో ఇలాంటి ఆఫీసులు లాభం కోసం పని చేయడాన్ని నిబంధనలు నిషేధిస్తాయి. అలాగని పన్ను ఉండదనుకుంటే పొరపాటే. సరైన ఖాతాలు చూపలేని ఆఫీసు ఖర్చుల నుంచి వెనక్కి లెక్కగట్టి, కనీసం 15 శాతం లాభం వచ్చినట్టు భావించి అక్కడ పన్ను వేస్తారు. భారతదేశంలో రిప్రజెంటేటివ్ ఆఫీసును లయజన్ ఆఫీసు అంటారు, విదేశీ కంపెనీల లయజన్ ఆఫీసుకూ బ్రాంచికీ అర్హతలే వేరు. లయజన్‌కు వరసగా మూడేళ్ల లాభాలు, 50 వేల డాలర్ల నికర విలువ అడిగితే, బ్రాంచికి ఐదేళ్ల లాభాలు, లక్ష డాలర్ల నికర విలువ అడుగుతారు. కొత్తగా పుట్టిన స్టార్టప్‌కు బ్రాంచి దారి చాలా దేశాల్లో మూసుకుపోయేది ఇలాంటి షరతుల దగ్గరే. మాతృసంస్థకు చరిత్ర లేకపోతే బ్రాంచికీ లేనట్టే.

బ్రాంచి బాగా కుదిరే సందర్భాలు కొన్ని ఉన్నాయి. టెండర్లలో పాల్గొనేటప్పుడు మాతృసంస్థ అనుభవం, బ్యాలెన్స్ షీటు నేరుగా లెక్కకు వస్తాయి. నిర్మాణ కంపెనీలు, విమాన సంస్థలు, బ్యాంకులు బ్రాంచిల వైపు మొగ్గడానికి ఇదొక కారణం. ప్రపంచం మొత్తం ఆదాయం మీద పన్ను వేసే దేశంలో మాతృసంస్థ ఉంటే, మొదటి రెండు మూడేళ్ల నష్టాలను స్వదేశంలో లాభాలతో సర్దుకునే వీలు తరచుగా దొరుకుతుంది. అనుబంధ కంపెనీ నష్టం దాని దగ్గరే ఇరుక్కుపోతుంది. బ్రాంచి విషయంలో డబ్బు పంపడానికి, తెచ్చుకోవడానికి వాటా మూలధనం, దాని పెంపు, డివిడెండ్ ప్రకటన లాంటి తంతు కూడా ఉండదు.

కుదరని సందర్భాలూ అంతే స్పష్టం. మనుషులకు హాని చేయగల వస్తువులు అమ్మే వ్యాపారం, దావాలు ఎక్కువగా పడే దేశం, స్థానిక భాగస్వామికి వాటా ఇవ్వాలనే ఆలోచన, స్థానిక కంపెనీలకే దక్కే రాయితీలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అనుబంధ కంపెనీ మేలు. 'ముందు బ్రాంచి తెరుద్దాం, తర్వాత కంపెనీగా మార్చుకుందాం' అనే మాట సమావేశాల్లో సులువుగా వినిపిస్తుంది. మార్చేటప్పుడు లీజు, లైసెన్సులు, ఉద్యోగుల ఒప్పందాలు, కస్టమర్ల ఒప్పందాలు ఒక్కొక్కటిగా కొత్త సంస్థకు బదలాయించాలి. కొన్ని దేశాల్లో ఆ బదిలీ మీదే పన్ను పడుతుంది.

కాగితాల మూట

మొదటి కాగితం బోర్డు తీర్మానం. 'ఫలానా దేశంలో బ్రాంచి తెరవాలని తీర్మానించడమైనది' అన్న ఒక్క వాక్యంతో అది సరిపోదు. ఏ ఊళ్లో, ఏ కార్యకలాపాలకు, ఎంత నిర్వహణ నిధితో తెరుస్తున్నారో అందులో ఉండాలి. ప్రతినిధి ఎవరు, వారి అధికారాల హద్దులేమిటి, బ్యాంకు సంతకాలు ఎవరివి, వారిని తొలగించే అధికారం ఎవరిది అన్నవీ రాయాలి. కార్యకలాపాల వాక్యం మాతృసంస్థ మెమొరాండం (కంపెనీ ఏ పనులకు పుట్టిందో చెప్పే పత్రం)లోని ఉద్దేశాలకు లోబడి ఉండాలి. అక్కడ లేని పని ఇక్కడ రాస్తే రిజిస్ట్రారు వెనక్కి పంపుతారు. మరీ ఇరుకుగా రాసినా చిక్కే, వ్యాపారం కాస్త మారగానే తీర్మానం, అనువాదం, రిజిస్ట్రేషను సవరణ అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

దీంతోపాటు ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, మెమొరాండం, ఆర్టికల్స్ (కంపెనీ లోపలి నియమావళి), డైరెక్టర్ల జాబితా, కంపెనీ సక్రమంగా నడుస్తోందని రిజిస్ట్రారు ఇచ్చే ధ్రువపత్రం, ఒకటి నుంచి మూడేళ్ల ఆడిట్ ఖాతాలు, ప్రతినిధి పాస్‌పోర్టు నకలు, పవర్ ఆఫ్ అటార్నీ (ప్రతినిధికి అధికారమిచ్చే పత్రం) మామూలుగా అడుగుతారు. వీటిని విదేశంలో చెల్లుబాటయ్యేలా చేసే దారి రెండు రకాలు. రెండు దేశాలూ 1961 హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉంటే నోటరీ తర్వాత ఒక్క అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదని స్వదేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చాలు. భారతదేశంలో ఆ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది, చైనాలో 2023 నవంబరులో, కెనడాలో 2024 జనవరిలో. రెండింటిలో ఏ ఒక్కటి ఒప్పందంలో లేకున్నా నోటరీ, విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం అంటూ మెట్లు ఎక్కాలి. ఒక్కో మెట్టుకూ వేరే రుసుము, వేరే గడువు.

ఈ దశలో జరిగే పొరపాట్లు చిన్నవే, కానీ ఒక్కోటి రెండు మూడు వారాలు తినేస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది అనువాదాన్ని ముందే చేయించడం. అపోస్టిల్ కూడా ఆ కాగితంలో భాగమే కాబట్టి, ముద్ర పడ్డాక మొత్తాన్ని అనువదించాలి. అదీ వెళ్లే దేశం గుర్తించిన ప్రమాణ అనువాదకుడి చేత చేయించాలి. రెండోది గడువు. ధ్రువపత్రాలు మూడు నెలల లోపువే కావాలని అనేక చోట్ల అడుగుతారు. ముందుగానే తీసి పెట్టుకుంటే మిగతా కాగితాలు సిద్ధమయ్యేసరికి అవి పాతబడతాయి. అందుకని వాటిని చివర తీయాలి. మూడోది పేర్లు. డైరెక్టరు ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, రిజిస్ట్రారు రికార్డులో ఒకలా ఉంటే బ్యాంకు దగ్గర ఆగిపోతుంది. ఫొటోకాపీ కోసం స్టేపుల్ పిన్ను ఊడదీసిన అపోస్టిల్ కట్టను తిరస్కరించే అధికారులూ ఉన్నారు. నవ్వొచ్చే కారణమే అయినా మూట మళ్లీ కట్టాల్సిందే. రిజిస్ట్రారుకు ఒకటి, బ్యాంకుకు ఒకటి, చేతిలో ఒకటి చొప్పున మూడు అసలు సెట్లు మొదటే చేయిస్తే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఒకదాన్ని ఒకటి పట్టుకున్న మూడు పనులు

రిజిస్ట్రేషనుకు చిరునామా కావాలి. చిరునామాకు లీజు కావాలి. లీజుకు అడ్వాన్సు కట్టాలంటే స్థానిక బ్యాంకు ఖాతా అడుగుతారు. ఖాతా తెరవాలంటే బ్యాంకు రిజిస్ట్రేషను అడుగుతుంది. ఈ ముడి విప్పడానికి మామూలుగా లీజు దగ్గరే మొదలుపెడతారు. మాతృసంస్థ పేరుతో, మాతృసంస్థ ఖాతా నుంచి అడ్వాన్సు కట్టి, 'ఇన్ని నెలల్లో రిజిస్ట్రేషను రాకపోతే ఒప్పందం రద్దు, అడ్వాన్సు వాపసు' అనే షరతు రాయించుకుంటారు. ఆ షరతుకు యజమాని ఒప్పుకోకపోతే ఏడాదిలోపు గడువుతో సర్వీస్‌డ్ ఆఫీసు (సామాను, సదుపాయాలతో సిద్ధంగా అద్దెకిచ్చేది) తీసుకోవడం నయం. ఉత్తరాలు అందుకోవడానికి మాత్రమే ఉపయోగపడే వర్చువల్ చిరునామాను కొన్ని రిజిస్ట్రీలు ఒప్పుకుంటాయి, లైసెన్సు ఇచ్చే శాఖలు, బ్యాంకులు చాలాసార్లు ఒప్పుకోవు. వీసాలకూ దీనితో లంకె ఉంటుంది. అమెరికాలో కొత్త ఆఫీసు కోసం మేనేజరును ఎల్-1 వీసా (సొంత కంపెనీ ఉద్యోగిని బదిలీ మీద పంపే వీసా) మీద పంపాలంటే తగిన స్థలం ముందే తీసుకున్నట్టు చూపాలి. అనుమతి కూడా మొదట ఒక్క ఏడాదికే ఇస్తారు.

రిజిస్ట్రేషను నియమాలు దేశానికొక తీరు. బ్రిటన్‌లో ఆఫీసు తెరిచిన నెలలోపు అక్కడి కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌లో నమోదు చేయాలి. సింగపూర్‌లో అక్కడే నివసించే అధీకృత ప్రతినిధి ఒకరైనా ఉండాలి. జపాన్‌లోనూ కనీసం ఒక ప్రతినిధి నివాసం ఆ దేశంలోనే ఉండాలి. అమెరికాలో ఫెడరల్ స్థాయిలో కంపెనీ రిజిస్ట్రేషను అనేదే లేదు, ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్రంలో విడిగా అనుమతి తీసుకోవాలి. ఒక విషయం మాత్రం యజమానులను ఉలిక్కిపడేలా చేస్తుంది. బ్రాంచిని నమోదు చేసిన చోట మాతృసంస్థ ఖాతాలను దాఖలు చేయాలని, అవి ఎవరైనా చూడగలిగేలా ఉంటాయని యూరప్‌లో చాలా దేశాల నిబంధన. 1989 నాటి యూరోపియన్ ఆదేశంతో వచ్చిన పద్ధతి ఇది. లాభాల వివరాలు పోటీదారు కంట పడకూడదనుకునే కుటుంబ కంపెనీలు బ్రాంచి ఆలోచన మానుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక బ్యాంకు. మొత్తం పనిలో అంచనా తప్పేది ఇక్కడే. రిజిస్ట్రేషను రెండు మూడు వారాల్లో అయినా ఖాతాకు రెండు మూడు నెలలు పట్టడం అరుదు కాదు. బ్యాంకు చూసేది బ్రాంచిని కాదు, దాని వెనక చివరి యజమాని ఎవరన్నదాన్ని. 25 శాతానికి మించి వాటా ఉన్న ప్రతి మనిషి పేరూ, నివాస రుజువూ, డబ్బు ఎలా వచ్చిందో చెప్పే ఆధారమూ అడగడం సాధారణం. మధ్యలో ట్రస్టో, మరో దేశపు హోల్డింగ్ కంపెనీయో ఉంటే ప్రశ్నలు రెట్టింపవుతాయి. కంపెనీల అల్లికను చూపే ఒక పేజీ పటం, మొదటి ఏడాది రాకపోకల అంచనా, ఇద్దరు ముగ్గురు కస్టమర్లతో కుదిరిన ఒప్పందాలు మొదటి రోజే అందిస్తే పని కదులుతుంది. ఖాతా వచ్చేదాకా జీతాలు, అద్దె మాతృసంస్థ నుంచే వెళ్లాలి. ఆ చెల్లింపులను మొదటి నుంచీ బ్రాంచి ఖర్చుగానే నమోదు చేసుకోకపోతే ఏడాది చివర వాటిని వెతికి పట్టుకోవడం పెద్ద పని అవుతుంది.

పన్ను ఎప్పుడు మొదలవుతుంది

రిజిస్ట్రేషను రోజే పన్ను మొదలవుతుందనుకోవడం తప్పు. దేశాల మధ్య పన్ను ఒప్పందాల్లో కీలకమైన మాట 'పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్', అంటే అక్కడ పన్ను వేయడానికి చాలినంత స్థిరమైన వ్యాపార ఉనికి. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) నమూనా ఒప్పందంలోని ఐదో అధికరణం అందుకు ఉదాహరణలుగా చెప్పే జాబితాలోనే బ్రాంచి, ఆఫీసు, ఫ్యాక్టరీ, గని కనిపిస్తాయి. స్థిరమైన చోటు నుంచి వ్యాపారం నడిస్తే చాలు, బోర్డు తగిలించారా లేదా అన్నది ముఖ్యం కాదు. నిర్మాణ స్థలానికి ఆ నమూనా 12 నెలల గడువు ఇస్తే, ఐక్యరాజ్యసమితి నమూనా 6 నెలలే ఇస్తుంది. పైగా సేవలకు కూడా 12 నెలల్లో 183 రోజుల లెక్క పెడుతుంది. సంతకం స్వదేశంలో పెట్టినా, బేరం మొత్తం అక్కడి సేల్స్ మేనేజరే కుదిర్చి, మాతృసంస్థ దాన్ని మార్పు లేకుండా ఆమోదిస్తూ ఉంటే, అదీ ఎస్టాబ్లిష్‌మెంటే అని 2017 నాటి సవరణ చెబుతోంది. ఆఫీసు తెరవక ముందు ఆరు నెలలు హోటల్లో ఉండి ఆర్డర్లు పట్టిన మనిషి వల్ల ఆ ఆరు నెలలకూ పన్ను లెక్క తేలవలసి రావచ్చు.

ఎంత లాభం బ్రాంచిది అన్నది రెండో ప్రశ్న, మరింత జటిలమైనది. బ్రాంచిని విడి సంస్థగా ఊహించి, అది చేసే పనులు, వాడే ఆస్తులు, మోసే నష్టభయాలను బట్టి లాభం కట్టాలన్నది 2010 నుంచి ఓఈసీడీ మార్గం. ఐక్యరాజ్యసమితి నమూనా దీన్ని ఒప్పుకోదు. మాతృసంస్థ తన బ్రాంచికే రాయల్టీ, వడ్డీ వేసుకుంటే ఆ ఖర్చును కొట్టేస్తుంది, నిజంగా అయిన ఖర్చులో వాటాను మాత్రం ఇస్తుంది. కొన్ని దేశాలు ఆ వాటాకూ పైకప్పు వేస్తాయి. భారతదేశంలో విదేశీ కంపెనీ బ్రాంచి హెడ్ ఆఫీసు సాధారణ ఖర్చుల కింద సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో 5 శాతానికి మించి తగ్గించుకోలేదు. ఏ నమూనా మీద ఆ రెండు దేశాల ఒప్పందం నడుస్తుందో చదవకుండా హెడ్ ఆఫీసు నుంచి నెలనెలా 'మేనేజ్‌మెంట్ ఫీజు' బిల్లు పంపే అలవాటు అందుకే బెడిసికొడుతుంది.

డివిడెండ్ ఉండదు కాబట్టి బ్రాంచి లాభం ఉచితంగా ఇంటికొస్తుందనే నమ్మకం కూడా అన్ని చోట్లా నిలవదు. అమెరికా 1986 నుంచి బ్రాంచి లాభాల మీద అదనంగా 30 శాతం పన్ను వేస్తోంది, ఒప్పందం ఉన్న దేశాలకు అది తగ్గవచ్చు, పోనూవచ్చు. అక్కడే మరో ఉచ్చు ఉంది. విదేశీ కంపెనీ దాఖలు చేయవలసిన 1120-ఎఫ్ రిటర్ను గడువు తర్వాత 18 నెలలు దాటినా వేయకపోతే ఖర్చుల మినహాయింపులే పోతాయి, అంటే పన్ను నికర లాభం మీద కాక స్థూల ఆదాయం మీద పడుతుంది. పన్ను పడుతుందో లేదో తేలని కంపెనీలు కూడా ముందుజాగ్రత్తగా ఒక రిటర్ను వేసి ఉంచేది అందుకే.

జీతాల పన్నులో చాలామంది చూడని మెలిక ఇంకొకటి. వేరే దేశంలో 183 రోజుల లోపు పని చేసిన ఉద్యోగికి అక్కడ జీతం పన్ను పడదని ఒప్పందాలు చెబుతాయి. కానీ దానికి మూడు షరతులు ఉన్నాయి, మూడోది ఆ జీతం అక్కడి ఎస్టాబ్లిష్‌మెంట్ భరించకూడదన్నది. బ్రాంచి తెరిచాక ఇంజినీరును మూడు వారాలకు పంపి, ఆ జీతాన్ని బ్రాంచి ఖర్చుగా చూపారనుకోండి. మొదటి రోజు నుంచే పన్ను కోత తప్పదు. సామాజిక భద్రత చందా వేరే లెక్క. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటే స్వదేశంలోనే కడుతున్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, లేకపోతే రెండు చోట్లా కట్టాలి.

వ్యాట్ (అమ్మకాల మీద పడే విలువ ఆధారిత పన్ను) విషయంలో కాస్త ఊరట ఉంది. హెడ్ ఆఫీసు తన బ్రాంచికి చేసే సేవ, ఒకే సంస్థ లోపలి పని కాబట్టి, అమ్మకం కాదని యూరప్ న్యాయస్థానం 2006లో ఎఫ్‌సీఈ బ్యాంక్ కేసులో చెప్పింది. అయితే బ్రాంచి స్థానిక వ్యాట్ గ్రూపులో (వ్యాట్ కోసం ఒకే సంస్థగా లెక్కించే కంపెనీల సమూహంలో) చేరితే ఆ సూత్రం వర్తించదని 2014లో స్కాండియా కేసులో తేల్చింది.

అక్కడి మనిషికి ఎంత అధికారం

పవర్ ఆఫ్ అటార్నీ రాయడంలో కంపెనీలు రెండు కొసలకూ పోతాయి. 'కంపెనీ తరఫున అన్ని పనులూ' అని రాస్తే, రాజీనామా చేసి వెళ్లిన మేనేజరు పాత కాగితంతో కంపెనీని అప్పుల్లోకి దించగలడు. ప్రతి చెక్కుకూ బోర్డు అనుమతి కావాలంటే ఆఫీసులో ఇంటర్నెట్ కనెక్షను కూడా రాదు. పన్నుల శాఖ ముందు హాజరు, ఉద్యోగుల నియామకం, ఒక హద్దు దాకా కొనుగోళ్లు ఇచ్చి, రుణాలు, హామీలు, ఆస్తుల అమ్మకం, దావాల రాజీ ఇవ్వకపోవడం పనికొచ్చే మధ్యమార్గం. అధికారాన్ని రద్దు చేసినప్పుడు రిజిస్ట్రీలో మార్పు నమోదు కావాలి, బ్యాంకుకు విడిగా రాయాలి. నమోదు కానంత వరకు బయటివాళ్ల దృష్టిలో ఆ మనిషే ప్రతినిధి.

చిన్న ఆఫీసులో అన్ని తాళాలూ ఒక్కరి చేతిలో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి జపాన్‌కు చెందిన దైవా బ్యాంకు న్యూయార్క్ బ్రాంచిని మించిన ఉదాహరణ లేదు. బాండ్ల వ్యాపారమూ, వాటిని భద్రపరిచే విభాగం మీద అజమాయిషీ ఒకే మనిషికి ఉండటంతో 110 కోట్ల డాలర్ల నష్టం పదేళ్లకు పైగా బయటికి రాలేదు. 1995లో అది బయటపడ్డాక అమెరికా అధికారులు బ్యాంకును ఆ దేశంలో వ్యాపారం మూసేయమన్నారు, మరుసటి ఏడాది బ్యాంకు నేరం ఒప్పుకుని 34 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ముగ్గురే ఉన్న బ్రాంచిలో పనులను పూర్తిగా విడదీయడం కుదరదు, నిజమే. కానీ చెల్లింపు నమోదు చేసే మనిషి అక్కడ, దాన్ని విడుదల చేసే మనిషి హెడ్ ఆఫీసులో ఉండటం, బ్యాంకు స్టేట్‌మెంటు నేరుగా హెడ్ ఆఫీసుకు రావడం ఏ బ్రాంచికైనా సాధ్యమే.

ఖాతాల్లో బ్రాంచికీ హెడ్ ఆఫీసుకూ మధ్య ఒక ఉమ్మడి ఖాతా నడుస్తుంది. పంపిన డబ్బు, వేసిన ఖర్చు, పంపిన సరుకు అన్నీ అందులోనే. రెండు వైపులా అది నెలనెలా సరిపోవాలి. ఏడాదికోసారి చూస్తే, తేడాలో కరెన్సీ మార్పిడి ఎంత, తప్పు ఎంత, దారిలో ఉన్న డబ్బు ఎంత అన్నది విడదీయడం ఎవరి వల్లా కాదు. బ్రాంచి ప్రధానంగా స్థానిక కరెన్సీలోనే సంపాదించి ఖర్చు చేస్తుంటే, ఐఏఎస్ 21 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం దాని ఖాతాలు ఆ కరెన్సీలోనే ఉంటాయి. మార్పిడి తేడాలు లాభనష్టాల పట్టీలోకి వెంటనే రావు, బ్రాంచిని మూసేదాకా ఈక్విటీలో విడిగా పోగవుతాయి.

ఆ మూసే రోజు గురించి తెరిచే రోజు ఎవరూ అడగరు. లీజు వదిలేసి, ఉద్యోగుల లెక్కలు తీర్చి, ఖాతా ఖాళీ చేస్తే అయిపోయిందనుకుంటారు. రిజిస్ట్రీ నుంచి పేరు తీయించనంత కాలం వార్షిక దాఖలా బాధ్యత, ఆలస్య రుసుము నడుస్తూనే ఉంటాయి. పేరు తీయాలంటే పన్నుల శాఖ నుంచి బాకీ లేదనే పత్రం కావాలి, అది ఇవ్వడానికి ఆ శాఖ చివరి సంవత్సరాలను తనిఖీ చేయవచ్చు. అప్పటికి స్థానిక అకౌంటెంటు వెళ్లిపోయి ఉంటాడు, బ్యాంకు ఖాతా మూసేసి ఉంటారు, తిరిగి రావలసిన వ్యాట్ సొమ్మును ఎక్కడికి పంపాలో తెలియక అది అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు ఖాతాను అన్నిటికంటే చివర మూయాలి, అకౌంటెంటుతో ఒప్పందాన్ని దాని తర్వాతే ముగించాలి.